గవ్వను చూసి సముద్రాన్ని ఊహించినవాడు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి అమ్మడికి,

మీ నాయనమ్మ మోకాళ్ల నొప్పులు ఈ వారం కాస్త నెమ్మదించాయి. హాస్టల్ తిండి పడుతోందో లేదో రాయమని పక్కనే కూర్చుని పోరుతోంది.

నీ ఉత్తరం అందింది. బాపట్ల పక్కన పొలంలో సాయిల్ ప్రొఫైల్ (నేల పొరల పరిశీలన) కోసం గుంట తవ్వితే నడుము లోతున ఇసుకలో గవ్వలు, విరిగిన ఆల్చిప్పలు బయటపడ్డాయని రాశావు. సూర్యలంక సముద్రమేమో బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేదని మేడమ్ చెప్పారనీ, అందరూ రికార్డులో రాసేసుకుని గుంట పూడ్చేశారనీ అన్నావు. చివర ఒక మాట అడిగావు చూడు, ఉపగ్రహాలూ ల్యాబులూ లేని రోజుల్లో ఈ సంగతి మొదట ఎవరికి తట్టి ఉంటుంది అని. ఆ ఒక్క వాక్యం నీ నాయనమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. దానికి జవాబు నాకు తెలుసు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

చరిత్రలో పేరు మిగిలినవాళ్లలో ఆ మాట స్పష్టంగా అన్న తొలి మనుషుల్లో ఒకడు జెనోఫనీస్ అనే గ్రీకువాడు. క్రీస్తుకు పూర్వం 570 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ పడమటి తీరాన ఉన్న కొలొఫాన్ అనే పట్టణంలో పుట్టాడు. మన బుద్ధుడి కాలానికి దగ్గరవాడు. పాతికేళ్ల వయసులో తూర్పునుంచి పర్షియా సేనలు వచ్చి పడితే ఊరు వదిలాడు. అప్పటినుంచి గ్రీకు నేలలు, సిసిలీ దీవి, ఇటలీ దక్షిణ తీరం తిరుగుతూనే బతికాడు. అరవై ఏడేళ్లుగా తిరుగుతున్నానని ఒక పద్యంలో తనే లెక్క చెప్పుకున్నాడంటే, అది రాసేనాటికి తొంభై దాటాడన్నమాట. తత్వమంతా పద్యాల్లో చెప్పాడు, ఆ పద్యాలు తనే సభల్లో చదివాడు. పూర్తి గ్రంథమంటూ ఏదీ మనదాకా రాలేదు. తరవాతి వాళ్లు అక్కడొకటీ ఇక్కడొకటీ ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి.

గవ్వల సంగతి కూడా అలాగే మిగిలింది. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో హిప్పొలిటస్ అనే క్రైస్తవ రచయిత మతవిరుద్ధ వాదాలన్నీ ఖండించాలని పెద్ద పుస్తకం రాస్తూ, ఖండించడానికే జెనోఫనీస్ వాదాన్నీ నమోదు చేశాడు. ఆయన దయవల్లే మనకది దక్కింది. అందులో ఏముందంటే: సముద్రానికి దూరంగా నేలమీద, కొండలమీద గుల్లలు దొరుకుతున్నాయి. సిసిలీలో సిరాక్యూజ్ రాతి గనుల్లో చేపల ముద్రలు కనిపించాయి. పారోస్ దీవిలో రాతి లోపల, మాల్టాలో పలకరాళ్లమీద కూడా ఇలాంటి ముద్రలే. కాబట్టి ఈ నేలంతా ఒకప్పుడు బురద అయి ఉండాలి, ఆ బురదలో పడ్డ ముద్రలు ఎండి నిలిచిపోయి ఉండాలి. నేలా సముద్రమూ ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, మళ్లీ విడిపోతూ ఉంటాయి.

ఇందులో నన్ను ఆకట్టుకునేది ఆయన చెప్పిన ముగింపు కన్నా ఆయన సాక్ష్యాలు పోగు చేసిన తీరు. ఒక్క ఊళ్లో ఒక్క గవ్వ దొరికితే ఎవరో తెచ్చి పారేశారనుకోవచ్చు. ఆయన మూడు దూరపు చోట్ల పేర్లు చెప్పాడు. ఒకచోట గని, ఒకచోట రాతి గర్భం, ఒకచోట పలకరాయి. దేశాలు పట్టి తిరిగిన మనిషి కాబట్టి చూసినవీ విన్నవీ పక్కపక్కన పెట్టి పోల్చుకోగలిగాడు. అప్పట్లో చాలామంది గ్రీకులకు భూమి పుట్టుక అంటే దేవతల వంశావళి. ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరు ఎవర్ని మింగారు అన్న కథే. ఈయన ఆ కథ జోలికి పోకుండా రాతిలో చేపముద్ర చూపించి, దీన్నిబట్టి మాట్లాడదాం అన్నాడు.

మన నేల సంగతికి వస్తే ఆయన చెప్పినదానికి కృష్ణా డెల్టా కన్నా మంచి సాక్ష్యం దొరకదు. సూర్యలంక నుంచి లోపలికి వస్తుంటే గమనించు. ఒక ఇసుక మెరక వస్తుంది, దానిమీద తాళ్లు, జీడిమామిళ్లు, సరుగుడు తోటలు, ఊళ్లు. అది దాటగానే పల్లం, అక్కడ వరి. మళ్లీ ఇంకో మెరక. ఇవన్నీ తీరానికి ఇంచుమించు సమాంతరంగా వరసలు కట్టి ఉంటాయి. ఒక్కో మెరకా ఒకానొకప్పటి సముద్రపు ఒడ్డు. ఆరేడు వేల ఏళ్ల కిందట మంచుయుగపు మంచు కరిగి సముద్రం పెరగడం ఆగాక, కృష్ణ తెచ్చిన ఒండ్రు ఏటేటా నేలను ముందుకు జరిపింది, పాత ఒడ్లు వెనక మిగిలాయి. రేపల్లె, బాపట్ల ప్రాంతాల దిగువ నేలంతా అలా నది వేసిన నేలే. ఇప్పుడు పైన నాగార్జున సాగర్, శ్రీశైలం జలాశయాలు ఒండ్రును పట్టేసుకుంటుంటే డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. నేలా సముద్రమూ ఒకదాంట్లో ఒకటి కలుస్తూ విడిపోతూ ఉంటాయన్న ఆయన మాట నిజాంపట్నం పక్క ఊళ్లవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు.

సముద్రం గురించి ఆయన ఇంకొకటి కూడా అన్నాడు. మబ్బులకూ గాలులకూ నదులకూ మూలం మహాసముద్రమేనని. ఇంద్రధనుస్సును గ్రీకులు ఐరిస్ అనే దేవత అనుకునేవారు. ఈయన అది రంగులు తేలిన మబ్బు మాత్రమేనన్నాడు. ఇవన్నీ ఒక్క దెబ్బకు తేల్చేసిన మాటల్లా కనిపిస్తాయి గానీ, అలా తేల్చేసే మనిషి కాడు. అసలు సత్యం పూర్తిగా చూసిన మనిషి లేడు, ఉండబోడు కూడా అన్నాడు. పొరపాటున ఎవరైనా సరిగ్గా చెప్పినా, తను చెప్పింది సరైనదేనని వాడికే తెలియదన్నాడు. తన మాటల్ని కూడా నిజానికి దగ్గరగా ఉన్నట్టు తోచినవిగానే తీసుకోమన్నాడు. ఈ వినయం నాకు ఆయన మిగతా తత్వమంతటి కన్నా విలువైనదిగా అనిపిస్తుంది. నువ్వు రేపు రైతు ముందు నిలబడి ఈ మందు వేయి, ఈ విత్తనం వేయి అని చెప్పాల్సినదానివి. నీకెంత తెలుసో, ఎక్కడ నీ తెలివిడి ఆగిపోతుందో ఆ రైతుకు కూడా చెప్పగలగాలి.

ఇక ఆయన పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే సంగతి దేవుళ్లది. ఇథియోపియా వాళ్ల దేవుళ్లకు చప్పిడి ముక్కు, నల్లని ఒళ్లు. థ్రేస్ వాళ్ల దేవుళ్లకు నీలికళ్లు, ఎర్రజుట్టు. ఎద్దులకూ గుర్రాలకూ సింహాలకూ చేతులుండి బొమ్మలు గీయగలిగితే, ఎద్దులు ఎద్దుల్లాంటి దేవుళ్లను, గుర్రాలు గుర్రాల్లాంటి దేవుళ్లను గీసుకుంటాయని ఆయన వాదం. హోమర్, హెసియడ్ లాంటి మహాకవులు దొంగతనం, వ్యభిచారం, మోసం అన్నీ దేవతలకు అంటగట్టారని తూర్పారబట్టాడు. ఆ కవుల్ని గ్రీకు పిల్లలు బడిలో కంఠతా పట్టే కాలంలో ఈ మాట అన్నాడు!

ఇది అర్థం చేసుకోవడానికి తెనాలి కన్నా మంచి బడి లేదు. మన ఊరి శిల్పుల పని నీకు తెలుసు. కంచు, సిమెంటు, ఫైబర్‌తో నాయకుల విగ్రహాలు, దేవుళ్ల విగ్రహాలు ఇక్కడినుంచి ఎక్కడెక్కడికో పోతాయి. మొన్నామధ్య ఒక శిల్పశాలలో కాసేపు కూర్చున్నాను. బంకమట్టి నమూనా నిలబెట్టి ఉంది, రాముడు. చేయించుకునేవాళ్లు వచ్చి చూసి, స్వామి ముఖంలో కాస్త నవ్వు తక్కువైంది అన్నారు. శిల్పి బొటనవేలు తడిచేసుకుని పెదవి కొస దగ్గర మట్టిని ఇంత పైకి నొక్కాడు. నవ్వొచ్చింది. వాళ్ల మొహాలూ విప్పారాయి. కళ్లు కాస్త పెద్దవి చేయమన్నారు, అదీ చేశాడు. ఎంత భక్తితో చేశాడో, వాళ్లు ఎంత భక్తితో చూశారో! ఆ ముఖం మాత్రం మన గుంటూరు జిల్లా ముఖమే.

ఇంకో ఉదాహరణ కూడా మన ఊరిదే. తెనాలిలో పుట్టిన చక్రపాణి గారు నాగిరెడ్డి గారితో కలిసి తీసిన ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. ఎన్టీ రామారావు గారు కృష్ణుడు. ఆ తరవాత తెలుగువాళ్ల ఇళ్లలో కృష్ణుడంటే ఆ ముఖమే. క్యాలెండర్లో అదే, మీ నాయనమ్మ కళ్లు మూసుకున్నా అదే. జపాన్ వాళ్ల బుద్ధుడు జపాన్ మనిషిలా, ఐరోపా చిత్రకారుల క్రీస్తు ఐరోపా మనిషిలా ఉన్నట్టే ఇదీను. మనుషులు దేవుణ్ణి తమ ముఖంలోనే చూసుకుంటారన్న సంగతి జెనోఫనీస్ ఇరవై అయిదు శతాబ్దాల కిందటే కనిపెట్టాడు.

ఆ చూపు ఈ ఊళ్లో పద్యమై పలికిన కాలం ఒకటుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు, 1887లో పుట్టి 1943లో పోయిన కవిరాజు, డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. ఆయన ఇల్లు సూతాశ్రమం. ‘సూతపురాణం’ రాసి పురాణాల్ని నిలదీశారు. ‘శంబుకవధ’ రాసి, తపస్సు చేసినందుకు శూద్రుణ్ణి చంపడం ఏం ధర్మమని అడిగారు. ‘వివాహవిధి’ రాసి, అర్థం కాని మంత్రాలు పక్కనపెట్టి తెలుగులో పెళ్లి జరిపించారు. మా అమ్మానాన్నల పెళ్లి ఆ పద్ధతిలోనే జరిగింది. తాము ఏం ప్రమాణం చేశారో ఇద్దరికీ తెలిసి చేసుకున్న పెళ్లి అని మా అమ్మ చివరిదాకా గర్వంగా చెప్పుకునేది. కవిరాజు గారబ్బాయి గోపీచంద్ తత్వవేత్తల గురించి తెలుగులో పుస్తకమే రాశారు. ‘అసమర్థుని జీవయాత్ర’ను, ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి అంకితమిచ్చారు. ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు ఈ ఊళ్లోనే ప్లీడరుగా ఉంటూ మానవవాది ఎం.ఎన్. రాయ్ భావాల్ని జనంలోకి తీసుకెళ్లారు. ఆ గాలి పీల్చి పెరిగినవాళ్లం మేము.

అయితే ఒక తేడా నువ్వు గమనించాలి. జెనోఫనీస్‌ను నాస్తికుల జాబితాలో వేసుకోవడం మన వైపు ఒక అలవాటు. అది సరికాదు. ఆయన మనిషి ముఖమున్న దేవుళ్లను కాదన్నాడు గానీ, దేవుడు ఒక్కడున్నాడన్నాడు. ఆ దేవుడు ఒంటిలోనూ ఆలోచనలోనూ మనిషిని పోలడు. కళ్లతో కాక నిండుగా చూస్తాడు, చెవులతో కాక నిండుగా వింటాడు. కదలకుండా, శ్రమపడకుండా తలపుతోనే అంతటినీ నడుపుతాడు. ఇక కవిరాజు గారి పోరాటం వేరు. ఆయన కోపానికి కారణం కులం. పురాణాల పేరు చెప్పి మనిషిని మనిషి తొక్కడం చూసి కడుపు మండి రాశారు. కొలొఫాన్ కవి పద్యాల్లో మనకు మిగిలిన ముక్కల్లో ఆ మంట లేదు. నాకు ఇద్దరూ కావాలి. మీ నాయనమ్మ పొద్దున్నే దీపం పెట్టుకుంటుంది, నేను పక్కన కూర్చుని పేపరు చదువుకుంటాను. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ ఆ విషయంలో మాటా మాటా రాలేదు. ఆమె కృష్ణుడి ముఖం ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకూ తెలుసు.

జెనోఫనీస్ మాటల్లో నీ చదువుకు అన్నిటికన్నా దగ్గరిది ఇప్పుడు చెబుతాను. దేవుళ్లు మొదట్లోనే మనుషులకు అన్నీ విప్పి చెప్పేయలేదు, వెతుకుతూ పోతే కాలక్రమాన మనుషులే మెరుగైనదాన్ని కనుక్కుంటారు అన్నాడు. జ్ఞానం వరంగా వచ్చిందని గ్రీకులు నమ్మే రోజులవి. ప్రొమీథియస్ స్వర్గం నుంచి నిప్పు తెచ్చి ఇచ్చాడని కథ. ఈయన మాత్రం జ్ఞానాన్ని మనిషి చెమటకు అప్పగించాడు.

మీ బాపట్ల ఇసుక నేలల్లో దొరువులు చూశావు గదా. ఇసుకలో గిన్నెలా గుంట తీస్తే పైన మంచినీళ్లు ఊరతాయి, కింద ఉప్పునీళ్లు. వాన నీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. ఆత్రపడి లోతుగా తవ్వినా, ఎక్కువ తోడినా కిందనున్న ఉప్పు పైకొచ్చి దొరువు పాడవుతుంది. అందుకే కుండతో పైపైన ముంచి, రాత్రంతా ఊరనిచ్చి, మళ్లీ తెల్లారి ముంచేవాళ్లు. ఇది ఏ దేవుడూ చెప్పలేదు, ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎన్ని దొరువులు పాడుచేసుకుని నేర్చుకున్నారో మన రైతులు. తరవాత బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు అదే సూత్రం పట్టుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపొర నీటినే మెల్లగా ఒక బావిలోకి చేర్చి తోడే పద్ధతి తీర్చిదిద్దారు. కుండ ముంచిన ముసలి రైతూ గొట్టం పరిచిన శాస్త్రవేత్తా ఒకే వెతుకులాటలో ఉన్నారు. నీ క్లాసులో దొరువు గురించి చెప్పినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో.

ఇంకొకటి కూడా రాయాలి, చెయ్యి బరువెక్కినా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. రేపల్లెకు ఎదురుగా, కృష్ణకు అవతలి ఒడ్డే దివిసీమ. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. హెచ్చరిక చేరాల్సినవాళ్లకు చేరలేదు, చేరినా ఎక్కి నిలబడడానికి గట్టి మిద్దె లేదు. దేవుడికి కోపం వచ్చిందన్న మాట ఆ రోజుల్లో రేపల్లెలో, తెనాలిలో ఎన్ని నోళ్లలో విన్నానో. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటే ఎదురు చెప్పే మనసు ఎవరికుంటుంది? నేనూ చెప్పలేదు. కానీ పాలించేవాళ్లు కూడా ఆ మాటతోనే సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేది? ఆ తరవాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లి మబ్బుల బొమ్మలు పంపడం మొదలుపెట్టింది. తీరాన రాడార్లు పెట్టారు. 1990 మే 9న మళ్లీ అంతటి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. పోయిన ప్రాణాలు వెయ్యి లోపు. ఆ వెయ్యీ చిన్న లెక్క కాదు, ఒక్కొక్కటీ ఒక ఇల్లు. అయినా పదమూడేళ్లలో వచ్చిన ఆ తేడా ఉంది చూడు, వెతికితే మెరుగైనది దొరుకుతుందన్న జెనోఫనీస్ మాటకు మన తీరం ఇచ్చిన రుజువు అదే. గాలికి పుట్టిల్లు సముద్రమని ఆయన అన్నాడు. మనవాళ్లు ఆ సముద్రం మీద కన్నేసి ఉంచడం నేర్చుకున్నారు.

ఆయన తప్పులు కూడా నీకు చెప్పాలి. సూర్యుడు రోజూ మండే మబ్బుల్లోంచి కొత్తగా పుడతాడనుకున్నాడు. భూమి కిందికి అంతులేకుండా దిగి ఉందనుకున్నాడు. రెండూ తప్పే. కానీ సూర్యుడి గురించిన ఆ తప్పు ఏ జాతి తప్పో చూడు. సూర్యుడు రథమెక్కిన దేవుడు కాదు, ఇక్కడి నీరూ మబ్బూ లాంటి వస్తువే అన్న నమ్మకంలోంచి పుట్టింది. తరవాతివాడు దాన్ని సరిదిద్దగలిగాడు. కథను ఎవరు సరిదిద్దుతారు? మన తెలివికి హద్దుందని కూడా ఆయనకు తెలుసు. తేనె లేకపోయి ఉంటే మనుషులు అంజూరమే మహా తీపి అనుకుని ఉండేవారని ఒకచోట అన్నాడు. మనం రుచి చూసినంత మేరకే మన తీర్పులు అని దాని భావం.

ఆటగాళ్లకు ఊరి ఖర్చుతో భోజనం, ముందు వరస కుర్చీ ఇవ్వడం చూసి, వాళ్ల బలం కన్నా తన జ్ఞానం మేలని, కుస్తీ గెలిచినంత మాత్రాన ఊరి ఖజానా నిండదని కూడా పద్యం చెప్పాడు. ఇది మాత్రం నాకు పూర్తిగా నచ్చదు. నువ్వు కబడ్డీ టీమ్‌లో ఉన్నందుకు కాదు, ఆట కూడా ఒక ఊరికి కావలసిందే.

ఇంకో మాట. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది, ఎప్పుడైనా దిగి అక్కడి బౌద్ధ స్తూపం చూసి రా. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వి ధాతువుల కరండాలు వెలికి తీశాడు. వాటిమీది రాతల్ని బ్యూలర్ చదివాడు. జెనోఫనీస్ తరవాత రెండు మూడు శతాబ్దాలకు మన నేలమీద నిలిచిన ఊరది. అక్కడి మట్టి కూడా ఒకసారి చేత్తో పట్టుకుని చూడు, నీ రికార్డులో రాసిన పొరలతో పోల్చుకో.

ఒక పని ఒప్పజెబుతున్నాను. హెరాక్లిటస్ అని ఆయన తరవాతి తరం గ్రీకు తత్వవేత్త, మహా కోపిష్టి. ఎన్ని సంగతులు తెలిసినా వివేకం రాదని, వస్తే హెసియడ్‌కూ పైథాగరస్‌కూ జెనోఫనీస్‌కూ వచ్చి ఉండేదని ఎద్దేవా చేశాడు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. రాతిలో ముద్రల్ని మూడు చోట్ల పోల్చి చూసినవాణ్ణి ఉత్త సంగతులు పోగుచేసుకున్నవాడని ఎలా అంటాం? కానీ నువ్వు నాలా అనుకోనక్కర్లేదు. వచ్చే ఉత్తరంలో నీ వాదన రాయి. హెరాక్లిటస్ పక్షం వహించినా సరే, గట్టిగా వహించు.

గవ్వలు రెండు కాగితంలో చుట్టి పంపమని నాయనమ్మ అడుగుతోంది. ఈసారి సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురా.

ఆశీస్సులతో,
మీ తాతయ్య